పురిటి భయాన్ని ఎదిరించిన వైద్యుడు – గ్రాంట్లీ డిక్ రీడ్

కాన్పు స్త్రీకి పునర్జన్మ అని మన పెద్దలు అంటారు. ఆ మాట వెనుక తరతరాల అనుభవం ఉన్నది. పురిటి మంచం మీద ప్రాణాలు విడిచిన తల్లులు ప్రతి ఊరిలోనూ, ప్రతి వంశంలోనూ ఉన్నారు. అందుచేత ఆడపిల్ల నెల తప్పినదని తెలిసిన నాడే ఆ ఇంట సంతోషంతో పాటు భయం కూడా అడుగుపెడుతుంది. చూడవచ్చిన అమ్మలక్కలు తమ కష్టకాన్పుల కథలు వరుసగా చెప్పి వెళతారు. వారి మనసులో కీడు ఉండదు. అయినా వినే పిల్ల మనసులో ఆ కథలు గూడు కట్టుకుంటాయి. నెలలు నిండేకొద్దీ ఆమెకు నిద్ర దూరమవుతుంది.

ఈ భయం మనసులోనే ఆగిపోదనీ, శరీరంలోకి దిగి కండరాలను బిగించి నొప్పిని రెట్టింపు చేస్తుందనీ, దానిని తొలగించడం కూడా వైద్యుని ధర్మమేననీ జీవితమంతా చాటిన మహనీయుడు ఇంగ్లండు దేశపు ప్రసూతి వైద్యుడు గ్రాంట్లీ డిక్ రీడ్. నేడు గర్భిణులకు నేర్పుతున్న శ్వాసాభ్యాసం, శరీరాన్ని సడలించడం, కళ్ళు మూసుకుని ప్రసవాన్ని మనసులో దర్శించుకోవడం వంటి సాధనలకు బాట వేసిన వారిలో ఆయన అగ్రగణ్యుడు. ఆయన కృషి ఎంత గొప్పదో, అందులోని పొరపాట్లు కూడా అంతగా తెలుసుకోదగినవి.

బాల్యం, విద్య

గ్రాంట్లీ డిక్ రీడ్ 1890 జనవరి 26న ఇంగ్లండు తూర్పు ప్రాంతంలోని సఫోక్ జిల్లాలో బెకిల్స్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. తండ్రి పిండిమర యజమాని. ఏడుగురు సంతానంలో ఆయన ఆరవవారు. పొలాలు, పశువులు, గుర్రాల నడుమ ఆయన బాల్యం గడిచింది. ఆటలలోనూ, గుర్రపు స్వారీలోనూ మంచి నేర్పరి అనిపించుకున్నారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చదివి, వైద్య శిక్షణ కోసం లండన్ నగరపు తూర్పు భాగాన గల లండన్ హాస్పిటల్‌లో చేరారు.

ఆ ఆసుపత్రి చుట్టూ వైట్‌చాపెల్ పేటలోని నిరుపేదల ఇళ్ళు ఉండేవి. వైద్య విద్యార్థులు ఆ ఇళ్ళకే వెళ్ళి కాన్పులు చేసేవారు. ఆనాటికి ప్రసవ సమయంలో మత్తుమందు ఇవ్వడం కొత్త విషయం కాదు. 1847లో ఎడింబరో నగరంలో జేమ్స్ సింప్సన్ అనే వైద్యుడు క్లోరోఫారాన్ని వాడి చూపగా, 1853లో విక్టోరియా రాణి తన కాన్పులో దానిని తీసుకున్నారు. నాటి నుండి క్లోరోఫారానికి గౌరవం వచ్చింది. ప్రసవమంటే భరించరాని బాధ అనీ, మత్తు తప్ప దానికి మందు లేదనీ వైద్యులు కూడా నమ్మేవారు. డిక్ రీడ్ నేర్చుకున్నదీ అదే.

వైట్‌చాపెల్‌లో ఒక రాత్రి

1913లో ఒక వాన రాత్రి, తెల్లవారుజామున మూడు గంటల వేళ, ఆయన బురదలో సైకిల్ తొక్కుకుంటూ రైలు వంతెన సమీపాన గల ఒక పేద ఇంటికి వెళ్ళారు. పగిలిన కిటికీలో నుండి వాన జల్లు గదిలోకి కొడుతున్నది. ఒక సీసా మూతిలో గుచ్చిన కొవ్వొత్తి తప్ప వేరే దీపం లేదు. మంచం మీద కప్పుకోవడానికి గోనె సంచులు, ఒక పాత నల్ల పావడా మాత్రమే ఉన్నాయి. సబ్బు, తువాలు కూడా వైద్యుడే తెచ్చుకోవలసి వచ్చింది.

ఇంతటి దారిద్ర్యం నడుమ కూడా ఆ గదిలో కేకలు లేవు, హడావుడి లేదు. బిడ్డ తల బయటకు వచ్చే సమయంలో యువ వైద్యుడు నియమం ప్రకారం క్లోరోఫారం ముసుగు అందించబోయారు. ఆమె వద్దని సున్నితంగా తోసివేసింది. శిశువు క్షేమంగా భూమి మీద పడింది. బయలుదేరే ముందు ఆయన ఆమెను కారణం అడిగారు. తనకు నొప్పి అనిపించలేదనీ, అసలు నొప్పి పుట్టాలని ఎక్కడైనా ఉన్నదా అనీ ఆమె అమాయకంగా ఎదురు ప్రశ్న వేసింది.

ఆ పేదరాలి పేరు చరిత్రలో మిగలలేదు. ఆమె వేసిన ప్రశ్న మాత్రం ఆయనను జీవితాంతం వెంటాడింది. ధనవంతుల ఇళ్ళలో, పట్టు పరుపుల మీద, పెద్ద వైద్యుల సమక్షంలో కేకలు వేసే తల్లులను ఆయన చూశారు. ఇక్కడ ఏమీ లేని స్త్రీ ప్రశాంతంగా కన్నది. ఇద్దరి శరీర నిర్మాణం ఒకటే. మరి తేడా ఎక్కడ ఉన్నది? ఈ సందేహమే ఆయన పరిశోధనకు విత్తనమైంది.

యుద్ధం నేర్పిన పాఠం

1914లో వైద్య పట్టా చేతికి వచ్చిన సంవత్సరమే మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమైంది. ఆయన సైనిక వైద్య దళంలో చేరి, టర్కీ దేశపు గల్లిపోలి యుద్ధరంగంలో తీవ్రంగా గాయపడ్డారు. కోలుకున్న తరువాత ఫ్రాన్సులో పనిచేశారు. గాయపడినవారికి చికిత్స చేసిన వైద్యుడు, తానే గాయపడి మంచం పట్టిన సైనికుడు – ఈ రెండు అవస్థలనూ ఆయన అనుభవించారు. భయపడేవానికి చిన్న గాయమైనా పెద్ద బాధగా తోస్తుంది. పక్కన ధైర్యం చెప్పేవారుంటే పెద్ద గాయమైనా సహించవచ్చు. యుద్ధభూమిలో నేర్చిన ఈ పాఠం పురిటి గదికి కూడా వర్తిస్తుందని ఆయన గ్రహించారు.

యుద్ధం ముగిసిన పిమ్మట ఆయన లండన్‌కు సమీపంలోని వోకింగ్ పట్టణంలో వైద్యవృత్తి సాగించారు. 1921లో ఆయనకు వివాహమైంది. వందలాది కాన్పులను గమనిస్తూ, ఏ తల్లి ఎప్పుడు భయపడినదో, ఎప్పుడు నెమ్మదించినదో వ్రాసి పెట్టుకున్నారు. ఆ అనుభవ సారాన్ని 1933లో నేచురల్ చైల్డ్‌బర్త్ అనే గ్రంథంగా వెలువరించారు. సహజ ప్రసవం అనే భావనకు ప్రపంచంలో ప్రచారం కలగడానికి ఈ గ్రంథమే ముఖ్య కారణం. 1942లో మరింత విస్తృతమైన గ్రంథం వెలువడింది. అది 1944లో అమెరికాలో చైల్డ్‌బర్త్ వితౌట్ ఫియర్, అనగా భయం లేని ప్రసవం అనే పేరుతో అచ్చయి, అనేక దేశాల తల్లులకు చేరింది.

భయం, బిగువు, నొప్పి

ఆయన సిద్ధాంతం మూడు మాటలలో ఇమిడి ఉన్నది: భయం, బిగువు, నొప్పి. చీకటిలో పామును చూసినవాని గుండె దడదడ కొట్టుకుంటుంది, చేతులు బిగుసుకుంటాయి, నోరు ఎండిపోతుంది. పారిపోవడానికో, పోరాడడానికో శరీరం సిద్ధమవుతుంది. నెత్తురు కాళ్ళు చేతుల కండరాల వైపు పరుగెత్తుతుంది. ప్రసవ సమయంలో భయపడిన స్త్రీ శరీరంలోనూ ఇదే జరుగుతుందని ఆయన వివరించారు. గర్భాశయపు పై కండరాలు బిడ్డను కిందికి నెట్టుతుండగా, తెరుచుకోవలసిన ముఖద్వారపు కండరాలు భయంతో బిగుసుకుంటాయి. ఒకే అవయవంలో రెండు శక్తులు ఎదురెదురుగా పెనుగులాడడంతో నొప్పి పుడుతుంది. నొప్పి వల్ల భయం హెచ్చుతుంది. భయం హెచ్చితే బిగువు పెరుగుతుంది. గానుగ ఎద్దులా ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి తిరుగుతూనే ఉంటాయి.

ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. భయాన్ని తెంచడానికి జ్ఞానం, బిగువును తెంచడానికి సడలింపు, ఒంటరితనాన్ని తెంచడానికి తోడు కావాలి. ఆయన బోధించిన పద్ధతికి ఈ మూడే మూలస్తంభాలు.

మొదటిది జ్ఞానం. గర్భిణిని ముందుగానే కూర్చోబెట్టి, లోపల బిడ్డ ఎలా పెరుగుతున్నదో, నొప్పులు ఎందుకు వస్తాయో, ముఖద్వారం ఎలా తెరుచుకుంటుందో తేట మాటలలో చెప్పేవారు. ముఖద్వారం పూర్తిగా తెరుచుకోబోయే ఘట్టంలో ఎంతటి ధైర్యవంతురాలికైనా ఇక తన వల్ల కాదనిపిస్తుందనీ, అది కాన్పు దగ్గర పడిన గుర్తే గాని ఆపద కాదనీ ముందే హెచ్చరించేవారు. తెలిసిన దారిలో నడిచేవారికి చీకటి అంతగా భయం కలిగించదు కదా.

రెండవది సడలింపు. ఈ విషయంలో అమెరికా శాస్త్రవేత్త ఎడ్మండ్ జేకబ్‌సన్ పరిశోధన ఆయనకు తోడ్పడింది. జేకబ్‌సన్ 1929లో ప్రకటించిన గ్రంథంలో కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదలడం ద్వారా శరీరమంతటికీ విశ్రాంతి కలిగించే పద్ధతిని వివరించారు. పిడికిలి గట్టిగా బిగించి ఆ బిగువును గమనించాలి. పిదప మెల్లగా వదలి, వదిలినప్పటి హాయిని గమనించాలి. అలాగే పాదాలు, పిక్కలు, తొడలు, పొట్ట, భుజాలు, మెడ, దవడ, నొసలు – అన్నింటినీ వరుసగా సడలించాలి. శ్వాస నిదానంగా, లోతుగా సాగాలి. నెలల తరబడి రోజూ సాధన చేసిన స్త్రీకి నొప్పి వచ్చిన క్షణంలో శరీరాన్ని వదులు చేయడం అలవాటుగా వస్తుంది. ఈ వ్యాయామాలను క్రమబద్ధం చేయడంలో హెలెన్ హియర్డ్‌మన్ అనే వ్యాయామ చికిత్సకురాలు ఆయన మార్గంలో పనిచేసి 1948లో ఒక గ్రంథం వ్రాశారు.

జేకబ్‌సన్ మరొక సంగతి కూడా కనుగొన్నారు. మనిషి ఒక పనిని మనసులో ఊహించుకున్నా చాలు, ఆ పనికి సంబంధించిన కండరాలలో సూక్ష్మమైన కదలిక కలుగుతుంది. అనగా మనసులోని బొమ్మకు శరీరం జవాబు చెబుతుంది. ఘోరమైన కాన్పు దృశ్యాన్ని పదేపదే తలచుకునే గర్భిణి శరీరం బిగువునే అభ్యసిస్తుంది. ఆ బొమ్మను తీసివేసి, సరైన బొమ్మను నిలపడం డిక్ రీడ్ బోధలోని అంతస్సూత్రం. తరువాతి కాలపు శిక్షకులు దీనిని మరింత పెంపొందించారు. ముఖద్వారాన్ని మెల్లగా విచ్చుకునే పువ్వుగా, నొప్పిని ఒడ్డు చేరి వెనుకకు తగ్గే అలగా భావించుకోమని నేర్పారు. డిక్ రీడ్ గ్రంథంతో ప్రభావితురాలైన అమెరికా వనిత మేరీ మాంగన్ తీర్చిదిద్దిన హిప్నోబర్తింగ్ పద్ధతి ఇటువంటిదే.

మూడవది తోడు. నొప్పులు పడుతున్న స్త్రీని ఒంటరిగా గదిలో వదిలివేయడం ఆయన దృష్టిలో అపరాధం. ఆనాటి ఆసుపత్రులలో భర్తను, తల్లిని గుమ్మం బయట నిలిపి, లోపల ఆమెను గోడల వైపు చూస్తూ పడుకోబెట్టేవారు. గదిలో నిశ్శబ్దం, మసక వెలుతురు, ఓపికగా పక్కన కూర్చునే మనిషి ఉండాలని ఆయన పట్టుబట్టారు. పుట్టిన బిడ్డను వెంటనే తల్లి చేతికి ఇవ్వాలన్నారు.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆయన మత్తుమందుకు శత్రువు కాదు. నొప్పి తగ్గించే వాయు పరికరాన్ని తల్లి చేతికి అందేలా ఉంచి, కావలసినప్పుడు ఆమె వాడుకోవచ్చుననే చెప్పేవారు. కష్టకాన్పులో శస్త్రచికిత్స అవసరమని కూడా ఆయన అంగీకరించారు.

విరోధం, గౌరవం

కొత్త మాట చెప్పినవారికి మొదట దక్కేది పరిహాసమే. ఆయన చెప్పినది శాస్త్రం కాదు, నమ్మకమని తోటి వైద్యులు కొట్టివేశారు. వారి వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. తన పద్ధతితో కన్న తల్లులను, ఆ పద్ధతి లేకుండా కన్నవారిని సమానంగా పోల్చి చూసిన పరీక్ష ఏదీ ఆయన జరపలేదు. అయితే లోకం నలుమూలల నుండి తల్లులు ఆయనకు వేల సంఖ్యలో ఉత్తరాలు వ్రాశారు. కొందరు కృతజ్ఞతలు తెలిపారు. కొందరు తమ కాన్పులో ఒంటరిగా పడిన వేదనను మొదటిసారి ఒక వైద్యునితో చెప్పుకున్నారు. ఆ ఉత్తరాలలో అనేకం నేటికీ లండన్‌లోని ఒక గ్రంథ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి.

1947లో ఆయన అమెరికాలో పర్యటించి ఉపన్యాసాలిచ్చారు. 1940ల చివర దక్షిణాఫ్రికాకు వెళ్ళి జోహన్నెస్‌బర్గ్‌లో కొంతకాలం వైద్యం చేశారు. 1952లో జెస్సికాను రెండవ వివాహం చేసుకున్నారు. ఆఫ్రికా లోపలి ప్రాంతాలలో తిరిగి అక్కడి కాన్పులను చూసి, స్వదేశానికి మరలిన తరువాత 1955లో మరొక గ్రంథం వ్రాశారు.

1956 జనవరి 8న రోమ్ నగరంలో పోప్ పన్నెండవ పయస్ వైద్యులనుద్దేశించి ప్రసంగిస్తూ, నొప్పి లేని ప్రసవానికి చేసే ఇటువంటి ప్రయత్నాలు మతధర్మానికి విరుద్ధం కావని ప్రకటించారు. స్త్రీ వేదనతోనే కనాలని బైబిలు చెబుతున్నదని భావించిన అనేకులకు ఆ ప్రకటనతో సందేహం తీరింది. అదే సంవత్సరం ఇంగ్లండులో ప్రునెల్లా బ్రయాన్స్ అనే తల్లి వార్తాపత్రికలో ప్రకటన ఇచ్చి, ఆయన బోధనల ప్రచారానికి ఒక సంఘాన్ని స్థాపించారు. ఆయన దానికి మొదటి అధ్యక్షులయ్యారు. అదే నేషనల్ చైల్డ్‌బర్త్ ట్రస్టుగా ఎదిగింది. 1959 జూన్ 11న నార్ఫోక్ జిల్లాలోని రాక్సమ్ గ్రామంలో తమ 69వ ఏట ఆయన కన్నుమూశారు.

ఆయన పొరపాట్లు

మహనీయుల జీవితం చదివేటప్పుడు వారి తప్పులను కప్పిపుచ్చరాదు. మాతృత్వమే స్త్రీకి పరమార్థమని డిక్ రీడ్ నమ్మారు. చదువుకున్నవారి ఇళ్ళలో పిల్లలు తగ్గిపోతున్నారని ఆయన పడిన దిగులులో జాతి అహంకారపు ఛాయ ఉన్నది. ఆదిమ జాతుల స్త్రీలు శ్రమ లేకుండా కంటారని ఆయన వ్రాసినది వాస్తవం కాదు. వైద్యం అందని చోట్ల తల్లులు ఎక్కువగా మరణిస్తారన్నది లోకమెరిగిన సత్యం.

అన్నింటికంటే పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. ఆరోగ్యవంతమైన కాన్పులో నొప్పికి మూలం భయమేనని ఆయన బలంగా చెప్పడం వల్ల, నొప్పి పడిన తల్లి తానే ఏదో లోపం చేశానని బాధపడే పరిస్థితి వచ్చింది. ఇది అన్యాయం. భయం లేని స్త్రీకి కూడా నొప్పి రావచ్చు. బిడ్డ అడ్డం తిరిగితే, కటి ఎముక ఇరుకైతే ఎంత సాధన చేసినా ఆపరేషన్ తప్పదు. గర్భాశయ కండరాల గురించి ఆయన గీసిన చిత్రాన్ని కూడా నేటి శాస్త్రం యథాతథంగా అంగీకరించదు. ఆందోళన వల్ల పుట్టే రసాయనాలు ప్రసవ గమనాన్ని మందగింపజేయగలవన్నంత వరకు మాత్రం అది ఆయన వైపే ఉన్నది.

తల్లుల ప్రాణాలను కాపాడినది కూడా సడలింపు కాదు. డిక్ రీడ్ తన మొదటి గ్రంథం వ్రాసిన నాటికి ఇంగ్లండులో వెయ్యి కాన్పులకు నలుగురైదుగురు తల్లులు మరణించేవారు. 1930ల నడిమి భాగం తరువాత సూక్ష్మజీవులను చంపే మందులు, ఆ తరువాత రక్తమార్పిడి, సురక్షితమైన ఆపరేషన్లు ఆ సంఖ్యను తగ్గించాయి. మన దేశంలోనూ లక్ష జననాలకు 97 మాతృ మరణాల స్థాయికి 2018–20 నాటికి చేరగలిగామంటే ఆసుపత్రి కాన్పులు, వైద్య సదుపాయాలే ముఖ్య కారణం. కనుక సాధన ఆసుపత్రికి తోడు కావాలే గాని బదులు కారాదు. రక్తస్రావమైనా, ఫిట్స్ వచ్చినా, కళ్ళు మసకలు కమ్మి తలనొప్పి తగ్గకపోయినా, ఉమ్మనీరు ముందే పోయినా, బిడ్డ కదలిక తగ్గినా క్షణం ఆలస్యం చేయక వైద్యుల వద్దకు వెళ్ళాలి.

ఆయన మిగిల్చిన వెలుగు

పొరపాట్లను తీసివేసిన తరువాత మిగిలినది తక్కువేమీ కాదు. 17 దేశాలలో 15 వేలకు పైగా స్త్రీలపై జరిగిన 26 పరీక్షలను 2017లో ఒకచోట చేర్చి పరిశీలించారు. నొప్పుల సమయంలో ఎడతెగని తోడు లభించిన తల్లులలో సహజ కాన్పులు ఎక్కువగా, ఆపరేషన్లు తక్కువగా ఉన్నాయని తేలింది. కోరుకున్న ఆరోగ్యవంతులైన తల్లులకు నొప్పి తగ్గించడానికి శ్వాస, కండరాల సడలింపు వంటి పద్ధతులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2016లో ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రసవ సమయాన గర్భిణి పక్కన ఒక తోడు మనిషిని అనుమతించాలని నిర్ణయించింది. సరిహద్దు గ్రామాల కుటుంబాలకు ఈ విషయం మరీ ముఖ్యమైనది. ఒక భాషలో పెరిగి మరొక భాష మాట్లాడే ఆసుపత్రిలో కాన్పుకు చేరిన పిల్లకు, తన మాటలో ధైర్యం చెప్పే మనిషి పక్కన ఉండడం సగం మందుతో సమానం.

డిక్ రీడ్ మొదటి గురువు వైద్యశాస్త్రపు ఆచార్యులెవరూ కారు. గోనె సంచులు కప్పుకుని, కొవ్వొత్తి వెలుగులో బిడ్డను కన్న ఒక పేదరాలు. ఆమె మాటను ఆయన నవ్వి వదిలివేయలేదు. విని, నలభై ఆరు సంవత్సరాలు దాని వెంట నడిచారు. ఆ నడకలో కొన్నిసార్లు దారి తప్పారు. అయినా నొప్పులు పడుతున్న స్త్రీ చెప్పేది వినాలనీ, ఆమెను ఒంటరిగా వదలరాదనీ వైద్యలోకానికి నేర్పి వెళ్ళారు.

ఇంట గర్భిణి ఉన్నవారు ఆయన జీవితం నుండి స్వీకరించవలసినది ఇదే. ఆమె ముందు భయం గొలిపే కథలు చెప్పకండి. జరగబోయేది దాచకుండా నెమ్మదిగా వివరించండి. రోజూ కొంతసేపు పక్కకు తిరిగి పడుకుని, శ్వాసను గమనిస్తూ, శరీరాన్ని వదులు చేసే అవకాశం కల్పించండి. ఆ ఘడియ వచ్చినప్పుడు ఆమె చేయి పట్టుకుని పక్కన కూర్చోండి. నొప్పి ఎక్కువైనా, మందు అడిగినా, ఆపరేషన్ జరిగినా ఆమెను తక్కువగా చూడకండి. ఏ దారిన కన్నా తల్లి తల్లే.